జాజు రంగు సింహం

మా అత్తగారి వైపు పెళ్ళిళ్ళలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. తెలంగాణ వచ్చేదాకా మంచం ఎక్కనని నేను ఒట్టు పెట్టుకున్నానట. చలనక, వాననక, గది నేల బండల మీద చాప పరుచుకుని పడుకున్నానట. వినేవాళ్ళు నా మోకాళ్ళ వైపు జాలిగా చూస్తారు, ఆ నొప్పులన్నీ ఉద్యమం పెట్టినవే అన్నట్టు. ఒకసారి ఎవరో శాలువా కూడా కప్పారు.

చాప నిజం. బండలు నిజం. ఒట్టు అబద్ధం. దేవుడికే మొక్కని మనిషిని నేను, రాష్ట్రానికి మొక్కుతానా? తెలంగాణ రావాలని నాకూ ఉండేది. జనగామ చౌరస్తాలో అందరితో పాటు ఎండలో కూర్చున్నాను, గొంతు పోయేదాకా అరిచాను. అది వేరు, ఇది వేరు. నేను మంచం దిగే నాటికి నా ఒంట్లో ఒక రోగం బయటపడింది. దాని పేరు హెర్పిస్. అది లేచే చోటు నలుగురిలో చెప్పుకునే చోటు కాదు. ఆ రోగం సంగతి చెప్పినప్పుడు నా మొగుడు ఒక మాట అన్నాడు. నేను మంచం దిగింది ఆ మాటకు.

అప్పుడు మా కాపురం రెండు ఊళ్ళలో ఉండేది. నేను జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఆయనకు భూపాలపల్లి బొగ్గుబావిలో ఉద్యోగం. అక్కడే క్వార్టర్‌లో ఉండి శనివారాలు ఇంటికి వచ్చేవాడు. కొన్ని శనివారాలు డ్యూటీ ఉందని రాడు. అత్తమ్మ నర్సింహులపేట నుంచి వచ్చి నా దగ్గరే ఉండేది. బిడ్డ హాస్టల్లో చదువుకునేది.

ఆ ఎండాకాలంలో ముందుగా జ్వరం వచ్చింది. ఒళ్ళంతా రోకలితో దంచినట్టు నొప్పులు. గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. తర్వాత పొక్కులు, ఆ పొక్కులు పగిలి పుండ్లు. మూత్రానికి కూర్చుంటే కారం చల్లినట్టుండేది. చెంబుతో నీళ్ళు పోసుకుంటూ, పళ్ళు బిగబట్టి కూర్చునేదాన్ని. ఎంత బిగబట్టినా అత్తమ్మ చెవులకు అందేది.

"ఏందే బిడ్డా, వేడి చేసిందా?" అని తలుపు బయటి నుంచి అడిగింది.

"ఆఁ, చేసింది."

"చాయ బంద్ వెట్టుమని మొత్తుకుంటనే ఉన్న. ఉండు, సబ్జా నీళ్ళు కలుపుత."

సబ్జా నీళ్ళు తాగాను. బార్లీ తాగాను. వేడి తగ్గలేదు. జనగామలో ఏ దవాఖానకు పోయినా చీటీ రాసే దగ్గర నా దగ్గర చదివిన పిల్ల ఒకతి కూర్చుని ఉంటుంది. "నమస్తే మేడం, ఏమైంది మేడం" అని వరండా అంతా వినపడేట్టు అడుగుతుంది. అందుకని రైలెక్కి మహబూబాబాద్ పోయాను. అక్కడ ఒక ఆడ డాక్టరు ఉండేది, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. చూసింది, పుండు మీది తడి తీసి పరీక్షకు పంపింది, మళ్ళీ వెళ్ళినప్పుడు కాగితం ముందు పెట్టుకుని చెప్పింది.

"హెర్పిస్ అండి. సుఖవ్యాధుల్లో ఒకటి."

నా నోరు ఊరుకోదు. "సుఖమెక్కడున్నది మేడం ఇందుల? మూత్రం పోయాలంటే గోడ గీకుతున్న."

"పేరు నేను పెట్టలేదండి."

"ఎవరు పెట్టిన్రో గని, మగోడే అయ్యుంటడు."

ఆవిడ నవ్వింది. నా మాట యాసకు నవ్విందా, అర్థానికి నవ్విందా అని నేను ఒక క్షణం అనుమానపడ్డాను. ఆ రోజుల్లో అందరం అట్లాగే అనుమానపడేవాళ్ళం. తర్వాత ఆవిడ నవ్వు ఆపి, తొందర పడకుండా అన్నీ చెప్పింది. ఇది ఒంట్లోంచి పూర్తిగా పోదు. నరాల్లో దాక్కుని అప్పుడప్పుడు లేస్తుంది. మొదటిసారి పడినంత బాధ తర్వాత ఉండకపోవచ్చు. చాలామందికి లేచే ముందు ఒక గుర్తు తెలుస్తుంది, జిలలాగా, మంటలాగా, తొడలోకి గుంజినట్టు. ఆ గుర్తు తెలిసినప్పటి నుంచి తోలు పూర్తిగా మానేదాకా భర్తతో కలవకూడదు. మిగతా రోజుల్లో కలవొచ్చు. కండోమ్ వాడితే అంటుకునే భయం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, ఎందుకంటే ఏ గుర్తూ లేని రోజున కూడా ఇది అంటగలదు. మాటిమాటికీ లేస్తుంటే రోజూ వేసుకునే మాత్రలున్నాయి.

"మీ వారికి ఎప్పుడైనా ఇలాంటివి వచ్చాయా?"

"నాకెరుకలేదు."

"కొందరికి ఒక్క పొక్కు కూడా రాదండి, తమకుందనే తెలీదు. ఒంట్లో చేరిన ఎన్నో ఏళ్ళకు బయటపడేవాళ్ళూ ఉన్నారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఈ కాగితం చెప్పదు. ఇంటికెళ్ళి గొడవ పడకండి. ఆయన్ని ఒకసారి తీసుకురండి."

గొడవ పడకూడదనే అనుకున్నాను. నన్నెరిగిన వాళ్ళు నమ్మరు కానీ, దారి పొడుగునా రైల్లో మెత్తటి మాటలు వెతుక్కున్నాను. శనివారం ఆయన వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. అత్తమ్మ పక్కింటికి పోయి ఉంది. జ్వరం దగ్గర నుంచి మొదలుపెట్టి బిళ్ళలు, పొక్కులు, మంట, తొడలోకి గుంజుడు, ఒక్కొక్కటే చెప్పాను. డాక్టరు చెప్పిన పేరు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూనే విన్నాడు. చివరికి చెయ్యి ఆపాడు.

"నాకైతే ఏం లేదు."

"లేకున్నా ఉండొచ్చట. ఒకసారి రమ్మన్నది."

"నాకెన్నడూ రాలే. మరి నీకెట్లొచ్చింది?"

అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, తెల్లారేసరికి అయిపోయేది. 'నీకు' అన్న చోట చిన్న ఒత్తు పెట్టాడు, అంతే. మజ్జిగ పోసుకున్నాడు.

"నీ నుంచే వచ్చింది. ఇంకెవని నుంచి వస్తది?"

"నాకు లేనిది నీకెట్ల ఇస్త? జువాలజీ చెప్తవు గద, నువ్వే చెప్పు."

"రా, డాక్టరు చెప్తది."

"నేనెందుకొస్త? రోగం నీది."

ఆ రాత్రి నేను చాప తీశాను. కోపం ఒక్కటే అని చెప్పను. భయం కూడా. నిజంగా ఆయన ఒంట్లో ఏమీ లేకపోతే? నా నుంచి ఆయనకు అంటితే? నన్ను అంత మాట అన్న మనిషిని నా నుంచి కాపాడడానికి నేను బండల మీద పడుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, మంచి నవ్వు కాదు.

ఇక ఒట్టు సంగతి. అది ఒట్ల కాలం. మా కాలేజీలో ఫిజిక్సు సారు తెలంగాణ వచ్చేదాకా గడ్డం గీసుకోనన్నాడు. మా వీధిలో ఒకాయన చెప్పులు వదిలేశాడు, ఇంకొకాయన అన్నం మానేసి జొన్నరొట్టెకు దిగాడు. వారం దాటినా నేను చాప వదిలి మంచం ఎక్కకపోయేసరికి అత్తమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏందే, చాప మీదనే పండుకుంటున్నవు? కొట్లాడిన్రా?"

నేను నోరు తెరిచాను. అంతలో ఆమే కళ్ళు పెద్దవి చేసింది.

"తెలంగాణకు మొక్కినవా ఏంది, పిల్లా?"

నా జన్మలో నేను జవాబు చెప్పకుండా వదిలిన ప్రశ్న అదొక్కటే. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసింది. శనివారం ఆయనకూ చెప్పింది. "మొక్కితే మంచిదే" అన్నాడు పేపర్లోంచి తల ఎత్తకుండా. అట్లా నా అవమానానికి ఒక గౌరవం దొరికింది. దీక్షా శిబిరంలో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టేవారు.

ఆ నెలల్లో నా ఒళ్ళు నేను కొత్తగా చదువుకున్నాను. మొదట్లో ఏ దురద పుట్టినా తలుపు గడియ పెట్టుకుని చేతి అద్దంతో కూర్చునేదాన్ని. చెమటకాయకు ఏడ్చాను. ప్యాడ్ ఒరుసుకుని ఎర్రబడితే ఏడ్చాను. తర్వాత రోగం నిజంగా రెండోసారి లేచినప్పుడు దాని నడక తెలిసింది. ముందు కుడి తొడ వెనక చీమలు పాకినట్టుంటుంది. లోపల, ఎముక పక్కన, గోకితే అందని చోట. మర్నాడు అదే వైపు సన్నటి మంట. ఆ తర్వాతే పొక్కు. చీమలు పాకకుండా వచ్చిన ఎరుపు ఉత్త ఎరుపే. డాక్టరుకు ఇదే మాట చెప్పాను, చీమలని. ఆవిడ తలూపింది. ఇంకెవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలి?

అప్పుడే తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు, రైళ్ళు ఆగాయి, బొగ్గుబావులు ఆగాయి. ఆయన సంచి సర్దుకుని భూపాలపల్లి నుంచి వచ్చేశాడు. పెళ్ళయ్యాక అన్ని రోజులు వరసగా ఒకే ఇంట్లో ఉండడం మాకదే మొదలు. ముందు బస్టాండులో ఇద్దరు ప్రయాణికుల్లా ఉన్నాం. పోను పోను ఆయన నాకు ఎల్లిపాయలు ఒలిచి ఇవ్వడం మొదలుపెట్టాడు. నాయకుల మీద వాదనలు పెట్టుకున్నాం, గెలిచేది నేనే. ఒకసారి చాయ గ్లాసు అందిస్తూ చేతి మీద చెయ్యి ఉంచాడు, అవసరం కంటే ఒక్క క్షణం ఎక్కువ. ఆ చెయ్యి బరువు నాకెంత కావాలో అప్పుడే తెలిసింది. నలభై దాటిన ఆడదానికి ఇంకా ఇవేం కోరికలని మూతి తిప్పేవాళ్ళు ఈ పేజీ కూడా తిప్పేసుకోండి.

ఒకరోజు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. వీధి జనమంతా గిన్నెలతో రోడ్డెక్కారు. అత్తమ్మ తన పెద్ద గరిటె పట్టుకుని అందరికంటే ముందు పోయింది. కాసేపటికి ఉప్పు తక్కువైందని నన్ను ఇంటికి పంపింది. ఆయన అప్పుడే కట్టెలు దించి చేతులు కడుక్కుంటున్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. మిట్టమధ్యాహ్నం.

"ఒట్టు ఇంకా ఉన్నదా?" అన్నాడు.

"నీకెరుక లేదా అది ఏం ఒట్టో?"

"చాప మీదనైతే ఒట్టు తప్పదు గద."

నవ్వకుండా ఉందామనుకున్నాను. నవ్వొచ్చింది. ఎన్నో నెలల తర్వాత అది నా నవ్వే అని నాకే అనుమానం వచ్చింది. నేను చెప్పాల్సింది చెప్పాను: కొన్ని వారాలుగా నాకేం లేవలేదు, ఇవాళ ఏ గుర్తూ లేదు, అయినా ఇది వాడాలి. డాక్టరు దగ్గర నుంచి తెచ్చి చీరల కింద దాచిన కండోమ్ పొట్లం తీశాను. ఆయన పొట్లం అందుకున్నాడు.

సుఖం మాట దేవుడెరుగు. ఒళ్ళంతా చెవులు చేసుకుని ఉన్నాను, ఎక్కడైనా చీమ కదులుతుందేమోనని. కానీ ఏమీ కదలలేదు, నొప్పి లేదు, నేను ఏడవలేదు. ఒక మనిషి పక్కన మనిషిలా కాసేపున్నాను. ఇక బతకొచ్చేమో అనిపించింది. నిజంగానే అనిపించింది. తర్వాత ఆయన లేచి లుంగీ కోసం కిటికీ వైపు తిరిగాడు.

ఆయన తొడ వెనక, పిర్ర కిందుగా, ఎర్రగా ఒక బొమ్మ. ఎండి, అక్కడక్కడ చెరిగి ఉంది. జూలు, ఎత్తిన తోక, తెరిచిన నోరు. సింహం. దాని కడుపు దగ్గర గుంపుగా ఎండుతున్న చెక్కులు.

"అదేంది?"

"ఏది?"

"నీ తొడ మీద సింహమేంది?"

"ఓ, గదా. అక్కి. మొన్న అమ్మను బండి మీద ఊరికి తోల్కపోయిన గద, అప్పుడు రాయించింది."

మా వైపు ఒంటి మీద ఒక చోట గుంపుగా పొక్కులు లేస్తే అక్కి అంటారు. దానికి మందు దవాఖానలో లేదని నమ్మకం. ఊళ్ళో కుమ్మరాయన గడపలకు పూసే ఎర్రమట్టి జాజునే నీళ్ళలో కలిపి, పొక్కుల మీద సింహాన్ని రాస్తాడు. సింహం అక్కిని మింగుతుంది. వారం పది రోజుల్లో పొక్కులు వాటంతటవే ఎండిపోతాయి, పేరు సింహానికి వస్తుంది. అది ఆరేదాకా తానం చెయ్యొద్దు, పెళ్ళాం పక్కన పడుకోవద్దు. ఇది అత్తమ్మ పథ్యం. ఆయన డ్యూటీ ఉందని రాని శనివారాలు నాకు అప్పుడు అర్థమయ్యాయి.

"ఎన్నిసార్లు లేచింది నీకిది?"

"ఏమో. ఏడాదికి ఒకసారో రెండుసార్లో. గక్కడ్నే లేస్తది, గక్కడ్నే పోతది."

"ఎప్పటిసంది?"

"బావిల చేరిన కొత్తలసంది. పెండ్లికి ముందటిసంది. ఇప్పుడెందుకవన్ని?"

"నాకొచ్చింది గిదే."

ఆయన లుంగీ ముడి వేసుకున్నాడు. చాలా ఓపికగా, మొద్దు విద్యార్థికి చెప్పినట్టు చెప్పాడు.

"నీది సుఖరోగం. నాది అక్కి."

బయట నుంచి అత్తమ్మ కేక వినపడింది. "ఉప్పుకు పోయి సముద్రంల పడ్డవానే?" నేను ఉప్పు డబ్బా తీసుకుని రోడ్డు మీదికి పోయాను. ఆ మధ్యాహ్నం ఎందరికో పప్పన్నం వడ్డించాను. ఎవరి ముఖమూ గుర్తు లేదు. సింహం గుర్తుంది.

తర్వాతెప్పుడో బియ్యం ఏరుతూ అత్తమ్మనే అడిగాను, ఈ అక్కి కథేమిటని. ఆమె గర్వంగానే చెప్పింది.

"మా ఇంట్ల మొగోళ్ళకు ఉన్నదే బిడ్డా. వాళ్ళ బాపుకు గూడ లేస్తుండె. ఎన్ని సింహాలు రాయించిన్నో."

"మరి మీకు లేవలేదా అత్తమ్మ?"

ఆమె చేట ఆపింది. "నాకా? నాకు వేడి చేస్తుండె" అంది. ఒక మట్టిగడ్డ ఏరి పడేసి, "సబ్జా నీళ్ళు తాగేదాన్ని" అంది. మళ్ళీ చేట కదిలింది. ఆమెది అదే రోగమో కాదో నాకు తెలియదు. ఇది రక్తంలో తండ్రి నుంచి కొడుకుకు వచ్చే రోగం కాదు, అది తెలుసు. పేర్లు మాత్రం వస్తాయి. మగవాడికి సింహం, ఆడదానికి సబ్జా గింజలు.

రైళ్ళు మళ్ళీ తిరిగాక మహబూబాబాద్ పోయి డాక్టరుకు చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి పెట్టింది.

"మీవాళ్ళు అక్కి అనేది చాలాసార్లు వేరే జబ్బండి. ఎక్కువమందికి ఒకసారి వచ్చి పోతుంది. ఇన్నేళ్ళుగా అదే చోట మళ్ళీ మళ్ళీ అంటే మాత్రం, చూడాలి. చూడకుండా నేను చెప్పను."

"నేను చెప్తున్న గద."

"మీరు చెబితే ఆయన నమ్మరుగా. తీసుకురండి."

ఆయన రాలేదు. బతిమాలాను, తిట్టాను, బిడ్డ మీద ఒట్టు వేయబోయి ఆగాను. "అక్కికి దవాఖానకు పోతరా ఎవలన్న? నవ్వుతరు" అన్నాడు. మాట వెనక్కి తీసుకోమన్నాను, నీకెట్లొచ్చిందన్న ఆ ఒక్క మాట. "ఏ మాట?" అన్నాడు. అంతే. నేను చాప మీదే ఉన్నాను. ఒట్టుదాన్ని కదా, ఎవరూ ఏమీ అడగలేదు.

పార్లమెంటులో బిల్లు పాసైన నాడు జనగామ వీధుల్లో పటాకులు, గులాలు, స్వీట్లు. నేనూ ఏడ్చాను, అందరూ ఆనందం అనుకున్నారు, సగం ఆనందమే. అత్తమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని నా గదిలోకి వచ్చింది. చాప చుట్టి తలుపు బయట పారేసింది.

"ఇగ ఎక్కు బిడ్డా మంచం. ఒట్టు తీరింది."

"ఇగ అన్నకు గూడ తెలంగాణొచ్చినట్టే!" అని పక్కింటి ఆమె అంది. ఇల్లు దద్దరిల్లేట్టు నవ్వారు. ఆయన గుమ్మంలో నిలబడి, బుగ్గల నిండా గులాలుతో, వాళ్ళతో పాటు నవ్వాడు. వీధి వీధంతా నా మంచం చుట్టూ నిలబడి చూస్తుంటే నేనేం చెయ్యను? ఎక్కాను.

అప్పటి నుంచి మంచం మీదే పడుకుంటున్నాను. అత్తమ్మ పోయింది. ఊళ్ళో కుమ్మరాయన చూపు ఆనక జాజు రాయడం మానేశాడు. నేను మాత్రలు వేసుకుంటాను, నాకు లేవడం తగ్గింది. చీమలు పాకిన నాడు "ఇవాళ కాదు" అంటాను, ఆయన అటు తిరుగుతాడు. మిగతా రోజుల్లో కొన్ని మంచి రోజులు కూడా ఉన్నాయి, లేవనను. కానీ ఆయన చెయ్యి పడ్డప్పుడల్లా ఆ చిన్న ఒత్తు కూడా నా మీద పడుతుంది. చెయ్యి తీసేసినా అది పోదు.

పోయిన చలికాలం ఒక సాయంత్రం నేనే ఆయన భుజం మీద తల పెట్టాను. ఆయన మెల్లగా జరిగాడు. చెయ్యి వెనక్కి పెట్టి తొడ నొక్కుకుంటున్నాడు.

"ఇవాళ వద్దే. చీమలు పాకుతున్నై. రేపు ఎల్లుండి అక్కి లేస్తది."

చీమలు. ఆ మాట నేనాయనకు ఎన్నడూ చెప్పలేదు.

"లేచే ముందు నీకు తెలుస్తదా?"

"తెల్వకేం? ఎప్పుడూ తెలుస్తది. లోపల పాకుతది, తొడలకెళ్ళి గుంజుతది. మొదటిసంది గంతే."

"మొదటిసందా?"

ఆయన నా వైపు చూశాడు. ఏదో అర్థమైనట్టే ఉంది. "పాత ముచ్చట్లు తియ్యకు జర" అని గోడ వైపు తిరిగాడు. మళ్ళీ ఎన్నిసార్లు అడిగినా ఆ గోడే.

రోగం ఎవరు ఎవరికిచ్చారన్నది కాదు నేను అడిగేది. అది ఏ కాగితమూ చెప్పదని డాక్టరు ఆనాడే చెప్పింది, ఒప్పుకున్నాను. నాకు ఒక్క శనివారం సంగతి కావాలి. కంచం ముందు కూర్చున్న మనిషికి నేను పొక్కులని, మంటని, తొడలోకి గుంజుతుందని ఒక్కొక్కటే చెప్తుంటే, ఆయనకు తన తొడ గుర్తుకు రాలేదా, లేక గుర్తుకు వచ్చి కూడా నన్ను అడిగాడా, నీకెట్లొచ్చిందని?